ఏడుకొండలు గుండె, ప్రభుత్వ రహస్యం

ఊటలంకలో గుత్తుల ఏడుకొండలు కొబ్బరి దింపు తీసే మేస్త్రి. మోకు నడుముకు తగిలించుకుని ఎంత పొడుగు చెట్టయినా మెట్లెక్కినట్టు ఎక్కేవాడు. ఒకనాడు ఉదయం చెట్టు సగానికి వెళ్లేసరికి, ఛాతీలో ఎవరో గుంజ పాతుతున్నట్టు అనిపించింది. అక్కడే చెట్టును కావిలించుకుని కాసేపు ఉండిపోయి, చెమటలు కక్కుకుంటూ మెల్లగా దిగాడు. కింద కాయలు పోగు చేస్తున్న అతని భార్య నూకరత్నం, దిగినవాడి ముఖం చూసి కాయలు అక్కడే వదిలేసి ఆటోను పిలిచింది.

ఏడుకొండలు అది గ్యాసన్నాడు. ముందురోజు తిన్న పనసపొట్టు కూర పడలేదన్నాడు. కాసిని మజ్జిగ తాగితే సర్దుకుంటుందన్నాడు. నూకరత్నం ఒక్క ముక్కా వినలేదు. గ్యాసో గుండో తేల్చవలసింది డాక్టర్లు గానీ నువ్వూ నేనూ కాదని, అతణ్ణి భద్రపేట పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

ఆ ఆసుపత్రిలో అప్పుడే పరిశోధన మొదలయిందని ఆమెకు తెలియదు.

ఆసుపత్రి సూపరింటెండెంటు పేరు డాక్టర్ పరాంకుశం. ఆయన ఈమధ్యనే రాజధానిలో గుండె జబ్బుల మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్లి, ఒక శాలువా, ఒక చేతిసంచి, ఒక కొత్త ఉత్సాహం పట్టుకొచ్చాడు. మన దగ్గర జబ్బులకు కొరత లేదు, పరిశోధనకు కొరత ఉంది అని వచ్చిన రోజే సిబ్బందినందరినీ నిలబెట్టి చెప్పాడు. గుండె నొప్పికి కొత్తగా వచ్చిన ఒక మాత్రను పరీక్షించే పని ఆయన అడిగి మరీ తెచ్చుకున్నాడు. సగంమంది రోగులకు అసలు మాత్ర ఇస్తారు. మిగతా సగానికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియకూడదు, డాక్టరుకూ తెలియకూడదు. ఇది లోకమంతా పాటించే పద్ధతే. మందు వల్ల కలిగిన మేలేదో, మందు వేసుకున్నామన్న నమ్మకం వల్ల కలిగిన మేలేదో విడదీయడానికి పెద్దలు ఆలోచించి పెట్టినది.

పరాంకుశం గారికి ఇందులో మందు సంగతి అంతగా తలకెక్కలేదు. తెలియకూడదు అన్నది మాత్రం బాగా ఎక్కింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన ఏ సూత్రం కోసం వెతుకుతున్నాడో అది దొరికినట్టయింది.

గుండె వార్డు చూసే డాక్టర్ హైమవతి వయసులో చిన్నది, చదువు తాజాది. ఆవిడ ఆయన గదికి వెళ్లి, రహస్యమంతా ఆ కొత్త మాత్ర ఒక్కదానికేననీ, మామూలుగా చేసే పరీక్షలు, వైద్యం అందరికీ చేస్తూనే ఉండాలనీ వివరించింది. పరాంకుశం గారు అంతా విని జాలిగా తల ఊపాడు.

"డాక్టర్ హైమవతీ, మీకింకా సర్వీసు రాలేదు. సగం రహస్యాన్ని రహస్యం అనరు, పుకారు అంటారు" అన్నాడు.

ఆ సాయంత్రమే గోప్యతా పరిరక్షక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే. సభ్యులెవరో రహస్యం. తెల్లారేసరికి మొదటి ఉత్తర్వు ప్రతి గోడకూ అంటించారు. ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఎవరికిని ఏమియు తెలియజేయరాదు అని ఉంది అందులో.

ఆ కాగితాలకు పెట్టిన జిగురు ఇంకా ఆరకముందే ఏడుకొండలు ఆటో దిగాడు.

ముందుగా కౌంటరు దగ్గర గుమాస్తా ఒప్పుదల కావాలన్నాడు. దేనికి ఒప్పుదలని నూకరత్నం అడిగింది. అది చెబితే మీకు తెలిసిపోతుంది, తెలిసి ఒప్పుకున్నది పరిశోధనకు పనికిరాదు అన్నాడతను. పోనీ మీకు తెలుసా అంటే, నాకు తెలిస్తే నన్నీ కుర్చీలో కూర్చోబెట్టరు కదమ్మా అన్నాడు. భర్త గుండె మీద చెయ్యి వేసుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. వాదించే వేళ కాదనుకుని ఆమె అతని చేత వేలిముద్ర వేయించింది.

తరవాత ఈసీజీ తీశారు. ఛాతీకీ కాళ్లకీ చేతులకీ తీగలు తగిలించి మెషీను ఆన్ చేసిన టెక్నీషియను, కాగితం బయటికి రావడం మొదలవగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాగితమంతా వచ్చాక చేత్తో తడిమి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మడతపెట్టి, ఒక గోనెసంచిలో పడేశాడు. ఆ సంచిలో అప్పటికే చాలా ఉన్నాయి. ఏముంది బాబూ అందులో అని నూకరత్నం అడిగితే, చూస్తే నాకు తెలిసిపోదా అమ్మా, పిల్లలుగలవాణ్ణి అన్నాడు.

హైమవతి వచ్చి చూసింది. ఆవిడ చేతిలో స్టెతస్కోపు లేదు. వార్డులోని స్టెతస్కోపులన్నీ ఆ పొద్దున్నే స్వాధీనం చేసుకున్నారు. గుండె చప్పుడు ఆలకించిన వైద్యునికి అభిప్రాయము కలుగును, అభిప్రాయము పరిశోధనకు శత్రువు అని రెండో ఉత్తర్వులో రాసి ఉంది. ఆవిడ నాడి పట్టుకుని చూసింది, ముంగురులు వెనక్కి తోసుకుని ఛాతీకి చెవి ఆనించి విన్నది, నొప్పి ఎక్కడెక్కడికి పాకుతోందో అడిగింది. గుండెకు ఇచ్చే మామూలు మాత్రలు వేయించి, మంచం దిగి నడవొద్దని చెప్పింది.

"గుండేనాండీ, గ్యాసాండీ?" అని అడిగింది నూకరత్నం.

హైమవతి ఆమెను వరండాలోకి తీసుకెళ్లింది. నాకు గుండె మీదే అనుమానంగా ఉందనీ, కానీ ఈసీజీ చూడనిదే గట్టిగా చెప్పలేననీ, తీసిన కాగితాల సంచీ, మెషీనూ గదిలో పెట్టి తాళం వేశారనీ, ఆ తాళం సంఘం దగ్గర ఉందనీ ఒప్పుకుంది. పెద్ద ఊరి ఆసుపత్రికి పంపిద్దామంటే, పంపే కాగితంలో జబ్బు పేరు రాయాలి. జబ్బు తెలియని రోగిని బయటికి పంపకూడదు. జబ్బు తెలిసిన రోగి పరిశోధనలో ఉండకూడదు. పరిశోధనలో ఉన్న రోగికి జబ్బు తెలియకూడదు. ఇది చెప్పేటప్పుడు హైమవతికే ఎక్కడో మాట తడబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.

ఇక ఏడుకొండలు సంగతి చూస్తే, అతను ఒకటే పట్టు పట్టాడు. గుండె అని డాక్టరు నోటితో చెబితే ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను, లేదంటే అది గ్యాసే, వచ్చే వారం రాజుగారి తోటలో దింపు ఉంది, వెళ్లి చెట్టెక్కుతాను అన్నాడు. మాట మీద నిలబడే మనిషి. ఆ సంగతి నూకరత్నానికి పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. అందుకే ఆమెకు ఆ ఒక్క ముక్కా అంత అవసరమయింది.

మర్నాటి నుంచి ఆమె రోజూ సూపరింటెండెంటు గది ముందు నిలబడేది. లోపలికి పిలిస్తే అదే ప్రశ్న అడిగేది. పరాంకుశం గారు మర్యాదస్థుడు. ఆమెను కుర్చీలో కూర్చోమనేవాడు, మంచినీళ్లు ఇప్పించేవాడు, జవాబు మాత్రం చెప్పేవాడు కాదు. ఒకరోజు ఆయన గొంతు కాస్త గద్గదం చేసుకుని అన్నాడు:

"చూడమ్మా, నీ భర్త గుండె ఇప్పుడు నీది కాదు. ఆయనదీ కాదు. ఈ దేశానిది."

"అలాగైతే ఆ చెట్టు కూడా దేశాన్నే ఎక్కమనండి బాబుగారూ" అంది నూకరత్నం.

ఆయన దాన్ని ప్రజల సహకారంగా భావించి సంతోషించాడు.

ఇంతలో వార్డులో గోప్యతకు కొత్త చిక్కులు వచ్చాయి. రోగులు ఊరుకోరు కదా. పొద్దున్నే మాత్రలు అరచేతుల్లో పెట్టుకుని, నీది తెల్లగా ఉంది నాది కాస్త పసుపు కొడుతోంది అని పోల్చి చూసుకోవడం మొదలుపెట్టారు. పక్క మంచమతనిది అసలు మాత్రేమోనని ఒకాయన రెండు అరటిపళ్లు ఇచ్చి మార్చుకున్నాడు. సంఘం అత్యవసరంగా సమావేశమై, రోగులు మాత్రలను కళ్లు మూసుకుని మింగాలని తీర్మానించింది. కళ్లు మూసుకున్నారో లేదో చూడడానికి నర్సుల్ని పెట్టింది. చూసిన నర్సులకు మాత్ర కనిపిస్తుందన్న సంగతి మర్నాడు స్ఫురించి, వాళ్లనూ కళ్లు మూసుకోమంది. ఆ రోజు చాలా మాత్రలు నేలపాలయ్యాయి, కొన్ని చెవుల్లోకి వెళ్లాయి.

ఆ మాత్రలను సీసాల్లో పోసిన ఫార్మసిస్టుకు ఏది ఏదో తెలుసునని ఎవరో చెవినేశారు. ఆయన్ను అదే రోజు బదిలీ చేశారు. ఎక్కడికో ఆయనకు కూడా చెప్పలేదట. కొత్తగా వచ్చినవాడి చేత సీసాలన్నీ ఒక డ్రమ్ములో కుమ్మరించి, గరిటెతో కలిపించి, మళ్లీ సీసాల్లోకి ఎత్తించారు. ఇప్పుడు నిజంగా ఎవరికీ తెలియదు అని పరాంకుశం గారు హాయిగా ఊపిరి తీసుకున్నాడు.

తరవాత ఆయనకు, పరిశోధన అన్నాక పోల్చి చూడడానికి ఆరోగ్యవంతులు కూడా ఉండాలి కదా అన్న ఆలోచన వచ్చింది. ఆసుపత్రిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లెవరని వెతికితే ఆఫీసు గుమాస్తాలు తేలారు. వాళ్లను వార్డులో మంచాలెక్కించారు. వాళ్లు సంతోషంగా ఎక్కారు. కానీ పొద్దస్తమానం గుండె కబుర్లు వింటూ పడుకున్న గుమాస్తాలకు రెండో పూటకే ఎడమ చెయ్యి లాగడం మొదలయింది. గుమాస్తాలు పెట్టే గురక విని, ఇంత నిశ్చింతగా బతకొచ్చన్నమాట అని కొందరు రోగులకు కాస్త నయమయింది. ఏది మందు వల్లో ఏది గురక వల్లో తేలకుండా పోయింది.

అసలు ఎవరు రోగి, ఎవరు రోగి కాదు అన్నది తెలిసిపోవడమే ఈ అనర్థాలకు మూలమని సంఘం గుర్తించింది. అందుకు కారణం దుస్తులు. తెల్లకోటు చూడగానే డాక్టరని, గళ్ల చొక్కా చూడగానే రోగి అని పసిపిల్లలు కూడా చెప్పేస్తున్నారు. కాబట్టి వార్డులో కాలు పెట్టే ప్రతివారూ, హోదాతో నిమిత్తం లేకుండా, లేతాకుపచ్చ గౌనే తొడుక్కోవాలని ఉత్తర్వు వచ్చింది. పేరు రాసిన పట్టీలు తీసేశారు. మంచాల నంబర్లు చెరిపేశారు. పరాంకుశం గారు ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టి, దాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాడట.

ఆ మరుసటి వారం గుండె వార్డు ఎలా ఉందో చెప్పడం కష్టం. పండుముసలాయన ఒకడు, గుండె దడతో చేరినవాడు, పొద్దున్నే లేచి మంచం మంచానికీ తిరిగి నాలుక చూపించమనడం మొదలుపెట్టాడు. ఆయన డాక్టరు కాదని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. ఆయన కొందరికి ఉప్పు మానెయ్యమన్నాడు, కొందరికి భార్యతో గొడవ మానెయ్యమన్నాడు. ఇద్దర్ని ఇంటికి పంపేశాడు. హైమవతి ఒక రోగి నాడి చూడడానికి మంచం అంచున కూర్చుంటే, ఆయా వచ్చి ఆవిడకు బలవంతంగా జావ తాగించి, కాళ్లు పైకెత్తి పడుకోబెట్టి వెళ్లింది. సున్నాలు వెయ్యడానికి వచ్చిన మనిషికి గౌను తొడిగి మంచమెక్కిస్తే, ఇంత మర్యాద తనకు జన్మలో జరగలేదని అతను సాయంత్రం దాకా కదలలేదు.

నూకరత్నం ఇదంతా భర్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. ఆమెకూ గౌను తొడిగారు. ఆమె చీర మీదే తొడుక్కుంది. ఏడుకొండలు మంచం దిగి గుమ్మం దాకా వెళ్లొస్తేనే చెయ్యి ఛాతీ మీదికి పోతోంది. అయినా అది గ్యాసే అంటున్నాడు. రాజుగారి తోట నుంచి కబురు రానే వచ్చింది. ఎల్లుండి వెళ్తున్నాను అని అతను మోకు ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆమె స్టూలు అటు తిప్పుకుంది. ఆ రోజు మొదటిసారి, ఎవరికీ కనిపించకుండా గౌను చేత్తో కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే రాజధాని నుంచి ప్రశంస వచ్చింది. దేశంలో ఇంత పకడ్బందీగా గోప్యత పాటించిన ఆసుపత్రి మరొకటి లేదట. ఆ సందర్భంగా ఆఫీసులో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. పరాంకుశం గారు మామూలుగా మితాహారి. ఆనందంలో ఎన్ని తిన్నాడో చూసుకోలేదు. తిన్నాక, తన వార్డును తాను ఒక్కసారైనా చూడాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అప్పటిదాకా ఆయన వార్డులో అడుగు పెట్టలేదు. చూస్తే తెలిసిపోతుందన్న నియమం ముందుగా తన మీదే పెట్టుకున్న మనిషి ఆయన.

గుమ్మం దగ్గర ఆయనకు గౌను తొడిగారు. కళ్లజోడు కూడా హోదాను సూచిస్తుందని తీసి పక్కన పెట్టారు. ఉత్తర్వు ఇంత నిక్కచ్చిగా అమలవుతున్నందుకు ఆయన మురిసిపోయాడు. నాలుగు మంచాలు దాటాడో లేదో, ఛాతీలో మంట లేచింది. గొంతు దాకా వచ్చింది. ఎడమవైపు పట్టేసినట్టయింది. ఆయన అందిన మంచం మీద కూర్చుండిపోయాడు. అది ఏడుకొండలు పక్క మంచం.

ఆ పూట డ్యూటీలో ఉన్నది సిస్టర్ దీవెనమ్మ. వేరే జిల్లా నుంచి అంతకు ముందురోజే బదిలీ మీద వచ్చింది. ఆవిడ పని నేర్పు గల మనిషి. గుండె పట్టుకుని కూర్చున్న ఆయన్ను చూడగానే పడుకోబెట్టి, ఒక మాత్ర తీసి, తానూ కళ్లు మూసుకుని ఆయన నోట్లో సరిగ్గా వేసింది. ఆయన వారించబోయి చప్పరించేశాడు. నేను సూపరింటెండెంటుని అన్నాడు. అలాగేనండి, కంగారు పడకండి అని ఆవిడ తలగడ సర్దింది. నిజంగానే సూపరింటెండెంటుని, డాక్టర్ పరాంకుశాన్ని అన్నాడు. పేర్లు చెప్పకూడదండీ అని ఆవిడ ఆయన పెదవుల మీద వేలు పెట్టింది. పండుముసలాయన వచ్చి నాలుక చూసి, ఇతన్ని పది రోజులు ఉంచండి, ఇంటి దగ్గర మనశ్శాంతి లేనట్టుంది అని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు గుండె నొప్పా మరొకటా, అది చెప్పండి ముందు అన్నాడు పరాంకుశం. దీవెనమ్మ చిరునవ్వు నవ్వి దుప్పటి కప్పింది. రోగి తన జబ్బు గురించి అడిగినచో చిరునవ్వుతో దుప్పటి కప్పవలెను అన్న వాక్యం ఆయనకు గుర్తుకొచ్చింది. అది ఆయన రాసిందే. చిరునవ్వు అన్న మాట తరవాత చేర్చాడు.

ఆవిడ మరో మంచం దగ్గరకు వెళ్లాక ఆయన మెల్లగా పక్కకు తిరిగాడు. స్టూలు మీద నూకరత్నం జావ చల్లారుస్తూ కూర్చుంది.

"అమ్మా, నువ్వు నన్నెరుగుదువు కదా" అన్నాడు.

"ఎరగకేమండీ. రోజూ తమరి గదికి వస్తన్నాను కదా."

"నేనెవరో ఆ సిస్టరుకు చెప్పు తల్లీ."

నూకరత్నం జావ గిన్నె కింద పెట్టింది. "చెప్పకూడదంటండి. తమరే గోడకి అంటించారు."

"అది రోగుల విషయంలో. నాది వేరు."

"మాదీ వేరేనండి. అదే కదండీ రోజూ వచ్చి తమరికి మొత్తుకుంటున్నాను."

పరాంకుశం గారు పైకి చూస్తూ పడుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన ఆ ప్రశ్నను కుర్చీలో కూర్చుని విన్నాడు. పడుకుని వింటే అది వేరేగా ఉంది. ఒంట్లో ఏముందో తెలియకుండా దుప్పటి కింద పడి ఉండడం ఎలాంటిదో ఆయనకు అనుభవంలోకి వస్తోంది. ఒక్కొక్క త్రేనుపూ ఆఖరిదేమో అనిపిస్తోంది. భార్య, ఇంకా రాని ప్రమోషను, రెండూ కళ్లముందు మెదిలాయి.

"గ్యాసేనంటావా అమ్మా?" అని చిన్న గొంతుతో అడిగాడు.

"మా ఆయనా గ్యాసేనంటన్నాడండి" అంది ఆమె. "ఎల్లుండి చెట్టెక్కుతానంటన్నాడు. ఎక్కితే దిగుతాడో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. తెలుసుకోడానికి మిషనుంది, చదువుకున్న డాక్టరమ్మ ఉంది. ముందు ఆయన సంగతి తేల్చండి బాబుగారూ. తరవాత తమరెవరో నేను ఊరంతా వినేటట్టు చెప్తాను."

ఆయన కాసేపు ఆలోచించాడు. త్రేనుపు ఇంకొకటి వచ్చింది. పిలువు అన్నాడు.

నూకరత్నం పరిగెత్తుకెళ్లి హైమవతిని తీసుకొచ్చింది. ఆవిడ ఏడుకొండలును పెద్ద ఊరికి పంపే కాగితం మీద సంతకం కోసం ఆఫీసులో కూర్చుని ఉంది. మంచం మీది మనిషిని చూసి ఒక్క క్షణం ఆగింది. పరాంకుశం గారు తమ ఇద్దరికీ వెంటనే ఈసీజీ తీయమన్నాడు.

"ఏ హోదాలో అడుగుతున్నారండీ?" అంది హైమవతి. ఆవిడ ఎగతాళికి అనలేదు. ఇన్నాళ్ల ఉత్తర్వులతో ఆవిడకు అలా అలవాటయిపోయింది.

పరాంకుశం గారు కళ్లు మూసుకున్నాడు. "రోగి హోదాలోనే, హైమవతీ. భయంగా ఉంది."

తాళం ఆయన జేబులోనే ఉంది. మెషీను వచ్చింది. టెక్నీషియను అలవాటుగా గోడవైపు తిరగబోతే హైమవతి భుజం పట్టుకుని ఇటు తిప్పింది. ముందు పరాంకుశం గారికి తీయబోతుంటే, నూకరత్నం మెషీనుకు అడ్డంగా నిలబడి, ముందు మా ఆయనకండీ అంది. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఏడుకొండలు కాగితం హైమవతి రెండుసార్లు చూసింది. స్టూలు దగ్గరకు లాక్కుని అతని మంచం పక్కన కూర్చుంది. ఇది గ్యాసు కాదు, గుండే అని సూటిగా చెప్పింది. గుండెకు రక్తం తీసుకెళ్లే గొట్టం ఒకటి బాగా ఇరుకైందనీ, ఇవాళే పెద్ద ఊరి ఆసుపత్రికి వెళ్తే దాన్ని వెడల్పు చేసి నిలబెడతారనీ, చెట్టెక్కి ఉంటే మాత్రం నేనేమీ చెప్పలేకపోయేదాన్ననీ అంది. ఏడుకొండలు ఛాతీని ఒకసారి చేత్తో తడుముకున్నాడు. తరవాత, అయితే పాపం పనసపొట్టును ఊరికే ఆడిపోసుకున్నానన్నమాట అన్నాడు. నూకరత్నం అతని చేతి మీద చెయ్యి వేసింది. వినకూడని మాటే విన్నది, అయినా ఆమె ముఖంలో ఎన్నాళ్లకో తేట కనిపించింది. తెలిశాక చెయ్యవలసింది ఏదో ఒకటి ఉంటుంది.

పరాంకుశం గారిది గ్యాసు.

ఆ మాట వినగానే ఆయన లేచి కూర్చుని, గౌను విప్పి, కళ్లజోడు తెప్పించుకున్నాడు. నూకరత్నం ఇచ్చిన మాట ప్రకారం, ఈయన సూపరింటెండెంటు గారండీ అని వార్డంతా వినేటట్టు చెప్పింది. వార్డు పెద్దగా నమ్మలేదు. పండుముసలాయన మాత్రం నేను రాసిన పది రోజులు అవనివ్వండి, ఆ భ్రమ పోతుంది అన్నాడు. అయినా ఆయన ఏడుకొండలు కాగితం మీద సంతకం పెట్టాడు. అంబులెన్సు కదిలేదాకా గుమ్మంలో నిలబడ్డాడు కూడా. అది ఆయన గురించి చెప్పుకోవలసిన మంచి మాట.

పెద్ద ఊళ్లో ఏడుకొండలు గుండె గొట్టంలో చిన్న స్ప్రింగులాంటిది పెట్టి దారి తెరిచారు. అక్కడి డాక్టర్లు అంతకుముందు ఏ మందు వాడారని అడిగారట. అది ప్రభుత్వానికి కూడా తెలియదండి అని నూకరత్నం చెప్పింది. అతను కోలుకున్నాడు. చెట్లెక్కడం మానేశాడు. ఇప్పుడు తోటలో కింద నిలబడి, ఎక్కినవాళ్లకు ఏ గెల ముదిరిందో ఏది లేతో అరిచి చెబుతుంటాడు. ఎక్కినవాళ్లు వినరు, అది వేరే విషయం.

పరిశోధన మాత్రం విజయవంతంగా ముగిసింది. స్టెతస్కోపులు, తెల్లకోట్లు, మంచాల నంబర్లు ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. ఎవరికి ఏ మాత్ర అందినదీ తెలియదనీ, మాత్రల్లో ఏవి అసలువో తెలియదనీ, వేసుకున్నవారిలో జబ్బున్నవారెవరో కూడా తెలియదనీ, గోప్యతకు ఎక్కడా భంగం కలగలేదనీ నివేదికలో రాశారు. రాజధానిలో దాన్ని ఆదర్శంగా తీసుకున్నారని విన్నాం. మాత్ర పని చేసిందా అని అక్కడ కూడా ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఊటలంకలో ఏడుకొండలు ఇంటి ముందు జీపు ఆగింది. పరాంకుశం గారు ఒక్కడే దిగాడు. మనిషి కాస్త చిక్కాడు. ఏడుకొండలు నులకమంచం వాల్చాడు. నూకరత్నం కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది. ఆయన అది తాగి, ఆరోగ్యం అడిగి, గాలి బాగుందన్నాడు. వచ్చిన పని చాలాసేపు బయటపెట్టలేదు.

చివరికి చెప్పాడు. ఆ రోజు వార్డులో సిస్టర్ దీవెనమ్మ నోట్లో వేసిన మాత్రతో ఆయన ఛాతీ మంట చేత్తో తీసేసినట్టు పోయిందట. అలాంటి హాయి మళ్లీ ఎరగడట. తరవాత బజ్జీలు తిన్నా తినకపోయినా మంట వస్తూనే ఉందట. పరిశోధన మాత్రలన్నీ అప్పటికే రాజధానికి తిరిగి వెళ్లిపోయినా, ఆ మాత్ర కోసం స్టోరంతా వెతికించాడు, మిగిలిన ఒక్కొక్క సీసాలోదీ రుచి చూశాడు, బదిలీ అయిన ఫార్మసిస్టు కోసం మనుషుల్ని పంపాడు. తన సంఘమే ఆయన జాడ తెలియకుండా చేసింది కాబట్టి ఆయన దొరకలేదు.

"నీకూ అదే ఇచ్చారేమోనని వచ్చాను, ఏడుకొండలూ. ఎలా ఉండేది అది?"

"నేను మింగేవాణ్ణి కాదండీ" అని ఏడుకొండలు కాస్త సిగ్గుపడ్డాడు. "కళ్లెలాగూ మూసుకోమంటన్నారు కదాని బుగ్గన పెట్టుకుని చప్పరించేవాణ్ణి. మా తియ్యగా ఉండేదండి, ఆయ్."

పరాంకుశం గారి ముఖంలో రంగు మారింది. తనదీ తియ్యగానే ఉందని ఆయన పైకి అనలేదు గానీ అర్థమైపోయింది. నూకరత్నం ఆయన్ను కాసేపు చూసి, ఇంట్లోకి వెళ్లి, డబ్బాలోంచి పటికబెల్లం ముక్క ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కళ్లు మూసుకుని వేసుకోండి అంది. ఆయన అలాగే చేశాడు. చాలాసేపు నోట్లో అటూ ఇటూ తిప్పాడు. చెయ్యి మెల్లగా ఛాతీ మీంచి కిందికి జారింది.

"ఇదేనమ్మా" అన్నాడు కళ్లు తెరవకుండానే.

వెళ్లేటప్పుడు ఆమె ఒక పొట్లం కట్టింది. ఆయన దాన్ని లోపలి జేబులో దాచుకుని, జీపు దగ్గర అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇదేమిటో ఎవరికీ తెలియకూడదు" అన్నాడు.

"తెలీదులెండి" అంది నూకరత్నం. "అదేంటో మాకు మాత్రం తెలుసాండీ."